మైకు ముందు అడుగుల లెక్క

మద్రాసు రికార్డింగు థియేటర్లలో ఒకప్పుడు కాలాన్నీ అడుగుల్లోనే కొలిచేవాళ్లు, దూరాన్నీ అడుగుల్లోనే కొలిచేవాళ్లు. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. శబ్దం పట్టే మాగ్నెటిక్ ఫిల్ముకూ అదే వెడల్పు, అంచున అవే చిల్లులు, అదే నడక. నాలుగు నిమిషాల పాటంటే 360 అడుగులు. వెయ్యడుగుల రోలు పదకొండు నిమిషాలు వచ్చేది. ఇక హాల్లో నేల మీద చూస్తే, పాడేవారు మైకుకు అడుగు దూరం, వేణువు మూడడుగులు, వయొలిన్ల వరస ఎనిమిది నుంచి పది అడుగులు, గట్టిగా మోగే తాళవాద్యాలు ఇంకా వెనక. ఎవరు ఎంత వినపడాలో ఆ దూరాలే తేల్చేవి. అందరూ కలిసి ఒకే ట్రాకు మీద పడుతుంటే తర్వాత విడదీసి సర్దే వీలు ఎక్కడిది? సర్దుబాటంతా టేకుకు ముందే, నేల మీదే అయిపోవాలి. ఆ అలవాటు పోయిందన్న బెంగ నాకు ఇప్పటికీ ఉంది.

నెల్లూరు నుంచి మద్రాసు రైల్లో 175 కిలోమీటర్లకు అటూ ఇటూ. పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి వాద్యంతో సహా స్టూడియో వాకిట్లో ఉండొచ్చు. ఆ దగ్గరితనం వల్లనేమో, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఆ మైకుల ముందుకు చేరిన మాటా పాటా తక్కువేం కాదు. అప్పటి నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921లో పుట్టిన పాటల రచయిత ఆత్రేయ మాట అక్కడికి చేరింది. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఇల్లున్న బాలసుబ్రహ్మణ్యం 1966 డిసెంబర్ 15న తన మొదటి సినిమా పాట పాడారు. ఆ అవకాశం ఇచ్చిన సంగీత దర్శకుడు కోదండపాణి పేరే తర్వాత తన రికార్డింగు స్టూడియోకు పెట్టుకున్నారు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరం సంగతి చెప్పక్కర్లేదు, 1977లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అదే నేల మీద, మేడ మీది గదిలో ఒక కంప్యూటరు, ఒక కండెన్సర్ మైకు పెట్టుకుని షార్ట్ ఫిల్ములకూ చిన్న సినిమాలకూ సంగీతం చేసే పిల్లలు చాలామంది ఉన్నారు. పాత థియేటర్ల పని పద్ధతులు ఈ గదుల్లో ఎట్లా అక్కరకొస్తాయో వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

ముందు దూరం సంగతి. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో అంత తగ్గదు, గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వచ్చి కలుస్తుంది. మూడడుగుల దగ్గర వాయించిన వేణువును ఆరడుగులకు జరిపితే కాస్త చిన్నదవుతుంది, దాంతోపాటు గది కూడా వినపడుతుంది. అదే మూడడుగుల దగ్గర పట్టేసి తర్వాత ఫేడరు, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే మీట, తగ్గిస్తే, చిన్నదవుతుంది గానీ వెనక్కి వెళ్లదు. పాత పాటల్లో గొంతు వెనక వేణువు, దాని వెనక వయొలిన్లు, ఆ వెనక ఇంకేదో ఉన్నట్టు లోతు వినపడేది ఇందుకే. ఆ లోతు ఒక్క మోనో ట్రాకులోనే ఉంది, ఎడమా కుడీ లేకుండానే.

అయితే ఆ హాళ్లు పెద్దవి. పన్నెండుకు పదడుగుల గదిలో, కింద టైల్సు, నున్నటి సిమెంటు గోడలు ఉన్నచోట మైకును ఆరడుగులు జరిపితే లోతు రాదు, డబ్బాలో వాయించినట్టు వస్తుంది. గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పట్ల తర్వాత రేకు మీద గీసినట్టు టర్ర్‌మని వినపడితే ఎదురెదురు గోడలు శబ్దాన్ని ఒకదానికొకటి విసురుకుంటున్నట్టు లెక్క. దానికి గుడ్ల అట్టలు అతికిస్తారు. అవి పై స్థాయి శబ్దాన్ని కొంచెం మింగుతాయి, గొంతులోని బరువును తాకనే తాకవు. గది మొద్దుబారుతుంది గానీ డబ్బా మోత అట్లాగే ఉంటుంది. పాత దూది పరుపులు రెండు, మందపాటి బొంతలు నాలుగు చాలా మేలు. వాటిని గోడకు ఆనించకుండా నాలుగు అంగుళాలు ఎడంగా వేలాడదీయాలి. ఆ ఖాళీ వల్ల ఇంకాస్త కింది స్థాయి దాకా పనిచేస్తాయి. ఒక పరుపు పాడేవారి వీపు వెనక ఉండాలి, ఎందుకంటే మైకు చూసేది అటువైపే. చాలామంది మైకు వెనక కట్టి, వీపు వెనక గోడను వదిలేస్తారు. మైకు నెత్తిన, కప్పు కింద కూడా ఒక బొంత ఉండాలి.

మైకును గది నట్టనడుమ పెట్టకండి. పదడుగుల వెడల్పు గది 56 హెర్ట్జ్ దగ్గర, దానికి రెట్టింపు 113 దగ్గర మోగుతుంది. నడిమధ్యన మొదటిది పూర్తిగా మాయమవుతుంది, రెండోది ఉబ్బుతుంది. మగ గొంతు మంద్రంలోకి దిగినప్పుడు ఒకటి రెండు స్వరాలు మాత్రమే ఉబ్బి వినపడితే కారణం గాయకుడు కాదు, మైకు నిలబెట్టిన చోటు. పొడవులోనూ వెడల్పులోనూ మూడో వంతు దగ్గరికి జరిపితే చాలావరకు సర్దుకుంటుంది.

మన వాద్యాల్లో పట్టడానికి అన్నిటికన్నా కష్టం నాదస్వరం. ఇది ఆలయ ప్రాకారం కోసం, ఊరేగింపు కోసం పుట్టిన వాద్యం. దాన్ని మేడ మీది గదిలోకి తెచ్చి, అడుగు దూరంలో కండెన్సర్ మైకు పెడితే మైకు లోపలే శబ్దం చిట్లుతుంది. ఫేడరు ఎంత దించినా ఆ చిట్లు పోదు. మైకుకు 10 డెసిబెల్స్ తగ్గించే మీట ఉంటే ముందు అది వేయాలి. దూరం కనీసం ఐదారడుగులు. మైకును గంట ఆకారంలో ఉన్న కింది మూతికి ఎదురుగా పెట్టకూడదు. నాదం మూతి నుంచే కాదు, వేళ్ల రంధ్రాల నుంచి కూడా వస్తుంది. మూతికి ఎదురుగా పెడితే చెవిని కోసే కరుకుదనం ఒక్కటే వస్తుంది, గమకాల్లోని నునుపు రంధ్రాల దగ్గరే ఉండిపోతుంది. వాయించేవారి ఛాతీ ఎత్తున, కొంచెం పక్కగా, వాద్యం నడిమి రంధ్రాల వైపు చూసేట్టు పెట్టాలి. గది చిన్నదైతే తలుపు తీసి, వరండాలో కూర్చోబెట్టి రాత్రిపూట పట్టడం మేలు.

శ్రుతి ఇంకో పెద్ద సంగతి. పొడుగ్గా ఉండే బారీ నాదస్వరం రెండు, రెండున్నర శ్రుతిలో ఉంటుంది, కీబోర్డు మీద చూస్తే డి, డి షార్ప్. ట్యూను ముందే సి లో కట్టేసి, ట్రాకంతా సిద్ధం చేసుకుని, చివర్లో నాదస్వరం పిలిపించి సి లో వాయించమంటే ఎట్లా? వాద్యం పొడవు మారదు కదా. పీక బిగింపుతో, ఊదే ఒత్తిడితో వెంట్రుకవాసి సర్దగలరు, ఒక స్వరం మేర సర్దలేరు. రికార్డు చేశాక కంప్యూటరులో కిందికి లాగితే గమకాలు సాగిన రబ్బరులా అవుతాయి. నాదస్వరం ఉన్న పాటకు వాద్యం శ్రుతిని ముందు కనుక్కుని, గాయకుడి స్థాయికి అది కుదురుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే ట్యూను శ్రుతి తేల్చాలి. కుదరకపోతే తిమిరి నాదస్వరం వాయించే వాళ్లను వెతుక్కోవాలి. అది పొట్టిది, శ్రుతి ఎక్కువ.

పీక సంగతి మర్చిపోతారు. నోట్లో పెట్టుకునే ఆ చిన్న పీక తడిగా ఉన్నంతసేపే మాట వింటుంది. ఏసీ గదిలో పల్లవి వాయించి, చరణం వచ్చేదాకా ఊరికే కూర్చుంటే ఎండిపోయి మొదటి స్వరం పలకదు, పలికినా శ్రుతి జరిగి పలుకుతుంది. వాద్యానికి దారంతో వేలాడే పీకలు నాలుగైదు ఉండేది అందుకే. టేకుకు ముందు పది నిమిషాలు వాయించనివ్వాలి, ఏసీ గాలి వాళ్ల మీదికి నేరుగా రాకుండా చూడాలి, తన బిట్లు అన్నీ వరసగా ఒకే కూర్చోవడంలో పట్టేసుకోవాలి. డోలు వేరుగా పట్టుకుందామనుకుంటారు, విడిగా ఉంటే మిక్సింగులో సుఖమని. సన్నాయి, డోలు ఎదురెదురుగా చూసుకుంటూ వాయించే జోడీ అది. విడదీస్తే ముక్తాయింపులో ఊపు చచ్చిపోతుంది. ఇద్దరినీ ఎనిమిదడుగుల ఎడంలో కూర్చోబెట్టి, డోలుకు మూడడుగుల దూరంలో ఇంకో మైకు పెడితే సరిపోతుంది. ఒకదాని శబ్దం ఇంకోదాని మైకులో పడినా నష్టం లేదు.

డప్పు పట్టేటప్పుడు కాలం చూసుకోవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తీరంలో వాన, తేమ. సెగ చూపించి బిగించిన తోలు పావుగంట తిరక్కుండానే జారిపోతుంది. టేకు మొదట్లో టంగుమన్న డప్పు చివరికి బొద్దుగా మోగుతుంది, రెండు టేకుల్ని కలిపి కోస్తే ఆ అతుకు పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. కనీసం రెండు డప్పులు ఉండాలి. ఒకటి లోపల మోగుతుంటే ఒకటి బయట సెగ దగ్గర ఉండాలి. మైకు ముందువైపు పెడితే పుల్ల దెబ్బ, వెనకవైపు పెడితే గుమ్మనే కింది స్థాయి వస్తాయి. రెండూ కావాలంటే రెండు మైకులు పెట్టి, వెనకదాని పోలారిటీ తిప్పాలి. తోలు ముందుకు కదిలినప్పుడు ఒక మైకు దాన్ని రావడంగా చూస్తే రెండోది పోవడంగా చూస్తుంది కాబట్టి తిప్పకుండా కలిపితే రెండిటిలోని కింది స్థాయి ఒకదాన్నొకటి చంపుకుంటుంది. తిప్పి ఒకసారి, తిప్పక ఒకసారి విని, ఏది బరువుగా ఉంటే అది ఉంచుకోవడమే పరీక్ష. మృదంగానికీ ఈ పరీక్ష చేయాలి. మృదంగం ఎడమ మూతికి పూసే రవ్వ ముద్ద కూడా ఏసీలో ఎండి పెచ్చులూడుతుంది, తొప్పి బరువు పోతుంది. మధ్యమధ్యలో తడి చేసుకోమని చెప్పడం రికార్డింగు చేసేవారి బాధ్యతే.

గొంతు దగ్గర మన భాషకు తగ్గ జాగ్రత్తలు వేరే ఉన్నాయి. భ, ఘ, ధ, ఫ లాంటి ఒత్తక్షరాలు గాలిని విసురుతాయి, స, శ, ష ఈల వేస్తాయి. మైకు నోటికి సూటిగా కాక, పెదవుల ఎత్తుకు రెండంగుళాలు పక్కగా, ముక్కు వైపు నుంచి చూసేట్టు ఉంటే గాలి దాన్ని తప్పించుకుని పోతుంది. దూరం ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, మధ్యలో పాప్ ఫిల్టరు. మరీ దగ్గరికి వస్తే కింది స్థాయి ఉబ్బుతుంది. మొదటి చరణం నాలుగంగుళాల్లో, రెండోది పదంగుళాల్లో పాడితే ఇద్దరు పాడినట్టుంటుంది. నేల మీద టేపు ముక్క అంటించి పాదాలు అక్కడే ఉంచమనడం పాత పద్ధతి, ఇంతకన్నా మంచిది ఇంకా రాలేదు. సాహిత్యం కాగితాన్ని అట్టకు అంటించి, స్టాండు మీద బట్ట పరిచి, కొంచెం వాల్చి పెట్టాలి. లేకపోతే ఆ పలక నుంచి శబ్దం తిరిగొచ్చి గొంతు సన్నబడుతుంది.

హెడ్‌ఫోన్ శబ్దం ఎక్కువైతే గాయకులు శ్రుతి తగ్గి పాడతారు. అప్పుడు మళ్లీ పాడించే బదులు ట్రాకు శబ్దం తగ్గించి, ఒక చెవి తెరిచి పాడమనండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. పల్లవి చివర సాగదీసిన స్వరం దగ్గర, తాళం కోసం హెడ్‌ఫోన్‌లో వినిపించే క్లిక్కు బయటికి కారుతుంది కాబట్టి అక్కడ దాన్ని తగ్గించాలి. మన వైపు పద్యనాటకాల్లో పాడి అలవాటైన గొంతులు వస్తే లెక్క మొత్తం మార్చాలి. రాగాలాపనలో ఒక్క ఊపిరిలో గుసగుస నుంచి ఆకాశం దాకా వెళ్లే గొంతు అది. ఆరంగుళాల దగ్గర బంధించకూడదు, రెండడుగుల దూరం ఇచ్చి, మీటరు అత్యధికంగా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా లెవెలు పెట్టుకుని వదిలేయాలి. పైస్థాయికి వెళ్లేటప్పుడు వాళ్లంతట వాళ్లే తల వెనక్కి తీసుకుంటారు, ఆపొద్దు. ఆత్రేయ పాటల్లో మాటలు నోటికి తేలిగ్గా ఉండటం వల్ల మైకు దగ్గర కూడా అవి సుఖంగా ఉండేవని నా నమ్మకం. సంయుక్తాక్షరాలు గుట్టలుగా పడ్డ సాహిత్యాన్ని వేగంగా పాడించి, తర్వాత మాట తెలియలేదని మిక్సింగు మీద తోయడం అన్యాయం.

వయొలిన్ల గుంపు ఇప్పుడు ఎవరికీ అందేది కాదు. ఇద్దరు వాద్యకారులతో ఆరుసార్లు వాయించి పన్నెండు చేస్తారు. చేసినా గుంపు రాదు, ఇద్దరే లావయినట్టు వస్తుంది. ప్రతిసారీ అదే కుర్చీ, అదే వాద్యం, అదే మైకు దూరం అయితే అంతే. ఒక్కోసారికి కుర్చీ రెండడుగులు జరపాలి, ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి, కుదిరితే వాద్యాలు మార్చుకోవాలి, చివరి రెండుసార్లు మైకును ఎనిమిదడుగుల ఎత్తుకు పెంచాలి. ఇంకొక్క మాట. ధ్వని అడుగు దూరం రావడానికి సుమారు 0.9 మిల్లీసెకను పడుతుంది. ఇరవై అడుగుల దూరంలో పట్టిన వయొలిన్లు 18 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరతాయి. తబలాను అడుగు దూరంలో పట్టి, వీటిని దాని పక్కన పెడితే వయొలిన్లు లాగుతున్నట్టుంటుంది. వాయించినవాళ్ల తప్పు కాదు, ట్రాకును ఆ మేరకు ముందుకు జరిపితే అతుక్కుంటుంది. రెండు మైకులు పెట్టినప్పుడు ఒక మైకుకూ దాని వాద్యానికీ ఎంత దూరమో, రెండు మైకుల మధ్య దానికి మూడింతలు ఉండాలన్న నియమం కూడా ఇక్కడే పనికొస్తుంది.

రీరికార్డింగు, అంటే సన్నివేశాలకు నేపథ్య సంగీతం పట్టే పని, దాని లెక్కలు ఇప్పుడు కంప్యూటరే చేస్తుంది గానీ, చేతితో చేయడం వచ్చినవాడికి సన్నివేశం వేరుగా కనపడుతుంది. అప్పట్లో తెర కింద అడుగుల మీటరు తిరుగుతుండేది. అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు, అంటే అడుగుకు సెకనులో మూడింట రెండు వంతులు. తలుపు తెరుచుకునేది 212 అడుగుల దగ్గర, కేక 257 దగ్గర అనుకుందాం. మధ్యలో 45 అడుగులు, అంటే 30 సెకన్లు. నిమిషానికి 96 బీట్ల నడక అనుకుంటే 48 బీట్లు, ఆదితాళంలో సరిగ్గా ఆరు ఆవర్తాలు. కేక మీద సమం, అంటే తాళం మొదటి దెబ్బ, పడుతుంది. ఎడిటింగులో రెండడుగులు పెరిగి 47 అయిందనుకోండి, 31.3 సెకన్లు, 50 బీట్లు. రెండు బీట్లు మిగిలాయి. రెండు దార్లున్నాయి: నడకను 92కు తగ్గించి 48లోనే సరిపెట్టడం, లేదా కేకకు ముందు రెండు బీట్ల నిశ్శబ్దం పెట్టడం. రెండోదే మంచిది. కేకకు ముందు ఆ కాస్త ఖాళీ దొరకడం అదృష్టం. క్లిక్కు ట్రాకును ఫ్రేముల్లో లెక్కేసే రోజుల్లో 1440ని బీట్ల సంఖ్యతో భాగించేవాళ్లు. 120కి 12 ఫ్రేములు, 96కి 15, 90కి 16. పూర్ణసంఖ్య వచ్చే నడకలు ఎంచుకుంటే బీటు సరిగ్గా ఫ్రేము మీద పడుతుంది, కట్‌తో కలిసి కొడుతుంది. ఈనాటికీ కట్ల మీద నడిచే సన్నివేశానికి ఈ మూడు నడకల్లో ఒకటి వేసి చూడండి.

ఇవాళ లెక్క తప్పేది ఇంకోచోట. శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు నమూనా తీస్తారన్న లెక్కలో సినిమా శబ్దం 48 కిలోహెర్ట్జ్, సీడీ 44.1. పాట 44.1లో చేసి, ఎడిటరు దాన్ని మార్పు లేకుండా 48 అనుకుని తెరిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర అర్ధస్వరం పెరుగుతుంది, నాలుగు నిమిషాల పాట 220.5 సెకన్లకే అయిపోతుంది. 24 ఫ్రేముల బొమ్మను 25లో నడిపితే 4 శాతం వేగం. ఫోనుతో తీసిన షార్ట్ ఫిల్ములో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు, మొదట్లో కలిసిన సంగీతం చివరికి జారుతుంది. బొమ్మ తీసుకునేటప్పుడే స్థిరమైన ఫ్రేము వేగంలో, తెర మీద టైమ్‌కోడ్ కనపడేట్టు, మొదటి ఫ్రేముకు సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక్క ఫ్రేము బీప్‌తో ఇమ్మని అడగాలి. సంగీతం తిరిగిచ్చేటప్పుడు కూడా అదే బీప్‌తో ఇవ్వాలి. రెండు బీపులు ఒకదాని మీద ఒకటి పడితే మిగతాదంతా తనంతట తానే కూర్చుంటుంది.

ఎకో కోసం అప్పట్లో నున్నటి గోడల ఖాళీ గదిలో ఒక స్పీకరు, ఒక మైకు పెట్టి గొంతును దానిలోకి పంపి తెచ్చుకునేవాళ్లు. టేపు ఎకో అయితే రికార్డు హెడ్డుకూ ప్లే హెడ్డుకూ మధ్య దూరమే ఆలస్యం. రెండంగుళాల ఎడం ఉంటే, సెకనుకు 15 అంగుళాల వేగంలో 133 మిల్లీసెకన్లు, ఏడున్నరలో 267. సాఫ్ట్‌వేరులో ఈ అంకెలే పెట్టి, ప్రతి తిరుగుడుకూ పైస్థాయి కాస్త తగ్గేట్టు చేస్తే ఆ రుచి చాలావరకు వస్తుంది. గది ఎకో మాత్రం మన ఇళ్లలోనే ఉంది. గ్రానైటు మెట్ల దారి ఉన్న మేడ ఏదైనా చాలు. ట్రంకు రోడ్డు లారీల రొద కాస్త తగ్గాక, రాత్రి పదకొండు దాటాక, మెట్ల కింద స్పీకరును మూలగోడ వైపు తిప్పి పెట్టాలి, మైకును పై మలుపు దగ్గర పెట్టాలి. రెండూ ఒకదాన్నొకటి చూడకూడదు, చూస్తే నేరు శబ్దం వచ్చి పడుతుంది. గొంతు ట్రాకు ఒక్కటే వినిపించి, తిరిగొచ్చింది రికార్డు చేసి, 200 హెర్ట్జ్ కిందిదంతా కోసేసి, అసలు గొంతు కన్నా 15 డెసిబెల్స్ కింద కలపాలి. తీసేస్తే ఏదో పోయిందని తెలియాలి, ఉన్నప్పుడు ఉందని తెలియకూడదు. కొన్న రివర్బులు ఎన్ని ఉన్నా, మనింటి మెట్ల దారి ధ్వని ఇంకెవరి పాటలోనూ ఉండదు.

పాత రికార్డింగులు వింటూ కీబోర్డు పట్టుకుని కూర్చుంటే పాట ఏ మెట్టుకూ సరిపోక అటూ ఇటూ కాకుండా ఉండటం చాలామంది గమనించే ఉంటారు. కరెంటు పౌనఃపున్యంతో తిరిగే మోటార్లున్న యంత్రాల్లో 50 హెర్ట్జ్ కాస్తా 49కి పడితే వేగం 2 శాతం తగ్గుతుంది, శ్రుతి అర్ధస్వరంలో మూడో వంతు జారుతుంది. జనరేటరు మీద 48కి పడితే ముప్పావు వంతు దాకా. రికార్డు చేసిన యంత్రం ఒక వేగంలో, వినిపించేది ఇంకో వేగంలో. అలాంటి పాటకు కొత్తగా వాద్యాలు చేర్చాలంటే కీబోర్డును పాటకు శ్రుతి చేసుకోవాలి, పాటను కీబోర్డుకు లాగకూడదు.

అప్పటి మిక్సింగు అట్లా ఎందుకుండేదో తెలియాలంటే అది ఎక్కడ మోగేదో చూడాలి. ఆప్టికల్ మోనో శబ్దంలో 8 కిలోహెర్ట్జ్ పైన హాల్లో పెద్దగా ఏమీ వినపడేది కాదు. బయట పెళ్లి పందిట్లో, తిరునాళ్లలో మైకు సెట్టు హారన్లు. వాటిలో అడుగు స్థాయి రానే రాదు, గొంతూ వేణువూ వయొలినూ మాత్రం మడికట్ల మీదుగా పక్కూరి దాకా వెళ్లేవి. అందుకే పాట బలమంతా మధ్య స్థాయిలో పెట్టారు. ఇప్పుడు పాటలు ముందు వినేది ఫోను స్పీకర్లో. అదీ చిన్న హారనే. మిక్సింగు అయ్యాక మోనో చేసి, ఫోను బల్ల మీద పెట్టి, పక్క గదిలోకి వెళ్లి వినండి. పల్లవి మాటలు తెలియాలి, తాళం నడక తెలియాలి, ప్రధాన వాద్యం తెలియాలి. బేసు తెలియకపోతే దాని శబ్దం పెంచడం కాదు, ఒక స్థాయి పైన అదే స్వరాన్ని గిటారుతోనో వీణతోనో సన్నగా జతచేయాలి. చెవి కింది స్వరాన్ని తనే పూరించుకుంటుంది.

చివరగా, ఇళ్లలో మిగిలిన కేసెట్ల గురించి. నెల్లూరు, ఒంగోలులో కేసెట్ల కొట్టుకు పాటల జాబితా రాసిచ్చి, సి-60 మీదో సి-90 మీదో పట్టించుకున్న రోజులవి. వాటిలో స్థానిక నాటక పద్యాలు, బుర్రకథలు, నాదస్వర కచేరీలు కూడా ఉన్నాయి, అవి ఇంకెక్కడా దొరకవు. మన తేమకు బూజు పట్టకముందే కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి పొడి కనపడితే దాన్ని డెక్కులో పెట్టొద్దు, బూజు హెడ్డుకంటి తర్వాతి కేసెట్లకూ పాకుతుంది. బాగున్నదాన్ని ముందు ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి తిప్పాలి, అతుక్కున్న పొరలు విడతాయి. టేపు వెనక స్పాంజీతో ఉండే చిన్న మెత్త ఊడిపోతే శబ్దం మసకగా, వచ్చీపోయీ వినపడుతుంది. అప్పుడు ఐదు మరలున్న కొత్త డబ్బాలోకి టేపును మార్చాలి. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడిచి, ఆరనివ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యం హెడ్డు వంపు. కొట్టు డెక్కు హెడ్డు ఒక వంపులో ఉంటే మీది ఇంకో వంపులో ఉంటుంది, పైస్థాయి అంతా అక్కడే పోతుంది. రెండు ఛానెళ్లనూ మోనోగా కలిపి, హెడ్డు పక్కన ఉండే చిన్న మరను సన్నటి స్క్రూడ్రైవరుతో పావు తిప్పు కూడా మించకుండా అటూ ఇటూ తిప్పుతూ, తాళం చప్పుడు అన్నిటికన్నా పదునుగా వినపడే చోట ఆపాలి. ప్రతి కేసెట్‌కూ ఇది కొత్తగా చేయాల్సిందే, కొన్నిసార్లు రెండు వైపులకూ వేరువేరుగా. రొద తగ్గించే డాల్బీ పద్ధతితో రికార్డు చేశారని తెలిస్తే తప్ప ఆ మీట వేయొద్దు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో, మీటరు మైనస్ 6 దాటకుండా ఎక్కించి, బుస్సుమనే రొదను తీయకుండా ఒక ప్రతి అట్లాగే ఉంచాలి. శుభ్రం చేసింది వేరే ప్రతి. రొదతోపాటు గొంతులోని గాలిని కూడా కోసేసిన ప్రతులు ఇప్పటికే చాలా తిరుగుతున్నాయి, అసలు లేకపోతే వాటిని సరిచేసే దారి లేదు. పని అయ్యాక కేసెట్‌ను ఒక చివరకు పూర్తిగా చుట్టి, నిలువుగా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బాలో పెట్టండి, ఫైలు పేరులో ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ వైపో రాసుకోండి.